మనం, వాళ్లు, మధ్యలో మనవాళ్లు

"ఏ టీమండీ మీది?" అని అడిగితే అమలాపురంలోనైనా భీమవరంలోనైనా ఫుట్‌బాల్ చూసే కుర్రాడు తడుముకోడు. లివర్‌పూల్ అనో, మాంచెస్టర్ యునైటెడ్ అనో, బార్సిలోనా అనో ఠక్కున చెప్పేస్తాడు. "అది కాకుండా?" అని రెండో ప్రశ్న వేస్తే మాత్రం కాస్త ఆగుతాడు. చిన్నగా నవ్వుతాడు. "ఆయ్, డార్ట్‌మండ్ అన్నా కొంచెం ఇదండి" అంటాడు. ఆ "ఇది" ఏమిటో అతనికీ సరిగ్గా తెలియదు. అభిమానం అందామంటే అదంతా ఎప్పుడో మొదటి జట్టుకు రాసిచ్చేశాడు. ఊరికే ఇష్టం అందామంటే తక్కువ చేసినట్టుంటుంది.

తెలుగులో ఈ "ఇది"ని పట్టుకోవడానికి మంచి కొలబద్ద ఒకటుంది. సర్వనామం, దాని వెనకాల వచ్చే క్రియ. మన జట్టు గెలిస్తే "గెలిచాం" అంటాం. పడని జట్టు గెలిస్తే "గెలిచారు" అని పళ్లు కొరుకుతాం. రెండో జట్టు గెలిచినప్పుడు నోటికి వచ్చే మాట ఈ రెండూ కాదు. "మనవాళ్లు గెలిచారు" అంటాం. కర్తలో మనం ఉన్నాం, క్రియలో లేం. పెళ్లిలో బంధువుల వరసలో కూర్చుని భోంచేసే మనిషి లాంటి స్థితి ఇది. సంతోషంలో వాటా ఉంది, కేటరింగ్ బిల్లులో లేదు.

ఈ సర్వనామాల సంగతి శాస్త్రవేత్తల కంట్లోనూ పడింది. 1976లో రాబర్ట్ చాల్డీని అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. తమ జట్టు గెలిచిన వారాంతం తర్వాత సోమవారం నాడు, యూనివర్సిటీ పేరున్న చొక్కాలు క్లాసుల్లో ఎక్కువగా కనబడ్డాయి. (వాళ్ల ఫుట్‌బాల్ వేరు, అది చేత్తో పట్టుకుని పరిగెత్తేది. అభిమానం ఒకటే.) గెలుపు గురించి చెప్పేటప్పుడు "మేం" అన్న మాట ఎక్కువగా వచ్చింది, ఓటమి గురించి చెప్పేటప్పుడు అది తగ్గింది. అంటే సొంత జట్టు విషయంలో కూడా మనిషి ఓడిన రోజున మెల్లగా గడప దిగి వీధిలోకి జారుకుంటాడు. రెండో జట్టు దగ్గర ఆ అవసరం లేదు. మొదటి నుంచీ మనం కూర్చున్నది అరుగు మీదే.

సొంత జట్టు ఎలా వస్తుందో చూస్తే ఈ అరుగు విలువ తెలుస్తుంది. లివర్‌పూల్‌లో పుట్టినవాడికి జట్టు ఇంటిపేరులా వస్తుంది. తాత లివర్‌పూల్ ఎర్ర జెర్సీ వేశాడా, అదే ఊరి ఎవర్టన్ నీలం జెర్సీ వేశాడా అన్నదాన్ని బట్టి మనవడి బతుకు తేలిపోతుంది. గోదావరి డెల్టాలో పుట్టినవాడికి వారసత్వంగా వచ్చేది క్రికెట్టు, కబడ్డీ, వాలీబాల్. ఇప్పుడు అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ పుణ్యమా అని బ్యాడ్మింటన్ కూడా. ఫుట్‌బాల్ జట్టు మాత్రం బయటి నుంచి తగులుకోవాల్సిందే. 1986 ప్రపంచ కప్‌ను దూరదర్శన్‌లో చూసిన తరానికి మారడోనా తగులుకున్నాడు, ఆయనతో పాటు అర్జెంటీనా. కేబుల్ టీవీ వచ్చాక ఇంగ్లిష్ లీగ్ వచ్చింది. ఆ రోజుల్లో గెలుస్తూ ఉన్నది మాంచెస్టర్ యునైటెడ్ కాబట్టి డెల్టా నిండా యునైటెడ్ వాళ్లే. ఆ తర్వాతి తరానికి జట్టును ఇచ్చింది ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్. రూమ్‌లో సీనియర్ చెల్సీ అయితే జూనియర్లూ చెల్సీ. ఇంకొందరికి వీడియో గేమ్‌లో ఏ జట్టుతో ఎక్కువ గోల్స్ పడ్డాయో అదే సొంత జట్టయింది.

ఇందులో ఎంపిక ఎంత? చాలా తక్కువ. పన్నెండు పదమూడేళ్ల వయసులో టీవీలో ఏది వచ్చిందో అది అంటుకుంది. పదేళ్లు చూసేసరికి గట్టిపడి, కడుపు నొప్పి వచ్చేంత నిజమైంది. ఆ తర్వాత జట్టు చెత్తగా ఆడినా, యజమానులు ముంచినా వదిలే పని లేదు. రెండో జట్టు అలా కాదు. అది వచ్చేది ఆట కొంచెం అర్థమయ్యాక. ఎవరు ఎలా ఆడుతున్నారో తెలిసి, కొందరిని చూసి మెచ్చుకుని, కొందరిని చూసి జాలిపడి తీసుకునే నిర్ణయం అది. అందుకే ఒక మనిషి ఫుట్‌బాల్‌లో ఏం చూస్తాడో తెలుసుకోవాలంటే రెండో జట్టు పేరు అడగడమే మేలు. మొదటి జట్టు చెప్పేది అతని పుట్టిన సంవత్సరం మాత్రమే.

దీనికి ఎదురుగా రెండు పడవల సామెత సిద్ధంగా ఉంటుంది. పట్టింపు ఉన్న అభిమానులు రెండో జట్టు అన్న మాటకే ముఖం చిట్లిస్తారు. కానీ రేవుల మధ్య బతికే డెల్టా జనానికి ఆ సామెతలో కిటుకు తెలిసే ఉంటుంది. కాళ్లు చీలేది రెండు పడవలూ ఒకే నీటిలో ఉన్నప్పుడే. ఒక పడవ గౌతమి పాయలో, ఇంకొకటి వశిష్ఠ పాయలో ఉంటే ఆ ఇబ్బందే లేదు. రెండో జట్లు చాలావరకు వేరే లీగ్‌లో ఉండేది అందుకే. ఆర్సెనల్ అభిమాని ఇటలీలో నాపోలీని ఇష్టపడితే ఎవరూ ఏమీ అనరు. అతనే పొరుగు శత్రువు టోటెన్‌హామ్ అంటే కూడా ఇష్టమంటే ఇంటికి పిలవడం మానేస్తారు.

రెండో జట్టును నిర్ణయించేవాటిలో ఎవరూ పెద్దగా ఒప్పుకోని కారణం ఒకటుంది. టైము. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్ మనకు వేసవిలో రాత్రి 7.30కి, చలికాలంలో 8.30కి వస్తుంది. జర్మనీలో శనివారం మధ్యాహ్నం జరిగే మ్యాచ్‌లు అంతకన్నా అరగంట ముందే మొదలవుతాయి. అన్నం తింటూ చూడొచ్చు. యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ రాత్రి మ్యాచ్ మాత్రం మన గడియారంలో 12.30కి, చలికాలంలో 1.30కి. పొద్దున్నే ఉద్యోగానికి పోవాల్సినవాడు అలాంటి వేళల్లో ఆడే స్పెయిన్ జట్టును సొంతం చేసుకుంటే నిద్ర వదులుకోవాలి. కాబట్టి సొంత జట్టు స్పెయిన్‌లో ఉన్నవాడికి రాత్రి భోజనం వేళకు కనబడే జర్మన్ జట్టు రెండోదైపోతుంది. ప్రేమకు టైమ్‌టేబుల్ ఏమిటని అనొచ్చు గానీ, ఉంది.

ఈ లెక్క తిరగబడే చోటు కూడా డెల్టాలోనే ఉంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా కాసేవాళ్లకు అర్ధరాత్రి మ్యాచే సౌకర్యం. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది. ఆ వేళ నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా, కరెంటు ఉందా అని కనిపెట్టుకుని ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. ఆదమరిస్తే లక్షల సరుకు తేలిపోతుంది. గట్టు మీది షెడ్డులో ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుంటే మెలకువ ఉంటుంది. ఆ వేళలో ఆడేది ఏ జట్టయితే ఆ జట్టుతో పరిచయం పెరుగుతుంది. వంద రాత్రులు తోడున్నవాళ్లను వాళ్లు అనడానికి నోరు రాదు, మనవాళ్లు అనే వస్తుంది.

ఇక అందరూ ఒప్పుకునే కారణం, బక్కవాడి పక్షం. 1991లో ఫ్రేజియర్, స్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల ముందు ఒక ఊహాజనితమైన పోటీ పెట్టారు. రెండు జట్లు, ఏడు ఆటల సిరీస్, అందులో ఒక జట్టే బాగా బలమైనది. మీరెవరి వైపు అంటే ఐదుగురిలో నలుగురు బలహీన జట్టు వైపే మొగ్గారు. తమాషా ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది. ఆ బలహీన జట్టే మొదటి మూడు ఆటలూ గెలిచేసిందనుకోండి, ఇప్పుడెవరి వైపు అని అడిగితే, అంతకుముందు దాన్ని కోరుకున్నవాళ్లలో సగం మంది అవతలి జట్టుకు మారిపోయారు. అంటే జనం వెంట పడేది జట్టు వెనక కాదు, వెనకబాటు వెనక. ఓడితే పోయేదేమీ లేదు, గెలిస్తే పండగ. పెట్టుబడి తక్కువ, రాబడి ఎక్కువ.

సంక్రాంతి బరుల దగ్గర నిలబడ్డవాళ్లకు ఇది వివరించాల్సిన పనిలేదు. చట్టం ఒప్పని ఆట అన్న సంగతి పక్కన పెట్టి, ఆ గుంపును మాత్రం చూడండి. అసలు పందెం కోళ్ల యజమానులది. చుట్టూ నడిచేవి పైపందేలు. ఆ పైపందెం కూడా కట్టలేని జేబుతో వచ్చినవాళ్లు బోలెడుమంది. వాళ్లకు డేగ రకం పుంజుతోనూ సంబంధం లేదు, కాకి రకంతోనూ లేదు. అయినా కోళ్లను బరిలో దించిన అర నిమిషంలో ప్రతివాడూ ఏదో ఒక పక్షం తీసుకునే ఉంటాడు. ఏ పక్షమూ లేకుండా చూడటం కళ్లకు చేతకాదు. ఫుట్‌బాల్‌లో మనకు సంబంధంలేని మ్యాచ్ చూసేటప్పుడు జరిగేదీ అదే. అలా అర నిమిషంలో పుట్టిన పక్షపాతం కొన్నిసార్లు సీజన్ మొత్తం ఉండిపోతుంది.

2015-16లో లెస్టర్ సిటీకి అదే జరిగింది. సీజన్ మొదట్లో ఇంగ్లండ్ బుకీలు ఆ జట్టు గెలుపు మీద ఒకటికి ఐదు వేలు ఇస్తామన్నారు. ఇవ్వాల్సి వస్తుందని వాళ్లు అనుకోలేదు. క్లాడియో రనియేరి నడిపిన ఆ జట్టు 81 పాయింట్లతో, రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్ కన్నా పది పాయింట్లు ముందు నిలిచి లీగ్ గెలిచింది. ఆ వసంతంలో లెస్టర్ ప్రపంచమంతటికీ రెండో జట్టు. ఇందులో ఇంకో పొర కూడా ఉంది. 2016 మే 2న లెస్టర్‌కు టైటిల్ ఖాయమైన మ్యాచ్ లెస్టర్ ఆడిందే కాదు. టోటెన్‌హామ్ మీద చెల్సీ రెండు గోల్స్ వెనకబడి, లేచి, 2-2 చేసిన మ్యాచ్ అది. చెల్సీకి ఆ సీజన్‌లో సాధించడానికి ఏమీ మిగల్లేదు. టోటెన్‌హామ్‌కు టైటిల్ దక్కకపోతే చాలు. ఆ రాత్రి చెల్సీ అభిమానులకు లెస్టర్ మనవాళ్లయ్యారు. శత్రువుకు శత్రువు వరస కూడా రెండో జట్టుకు ఒక దారే. కాకపోతే అది తెల్లారేసరికి చల్లారిపోతుంది.

లెస్టర్ తర్వాత ఏమైంది? 2023లో కింది డివిజన్‌కు పడిపోయింది, 2024లో తిరిగి వచ్చింది, 2025లో మళ్లీ పడిపోయింది. 2016లో నీలం చొక్కాల ఫొటోలు పెట్టుకున్నవాళ్లలో ఈ రాకపోకలు గమనించింది ఎందరు? ఇక్కడ సమర్థించడానికేం లేదు. రెండో జట్టు ప్రేమకు ఎండ ఉన్నంతసేపే గొడుగు పట్టే గుణం ఉంది.

ప్రపంచ కప్ వచ్చిందంటే మాత్రం లెక్కలన్నీ మారిపోతాయి. భారత్ 1950లో అర్హత దక్కించుకుని కూడా బ్రెజిల్‌లో జరిగిన ఆ కప్‌కు వెళ్లలేదు, ఆ తర్వాత ఎన్నడూ అర్హత సాధించలేదు. కాబట్టి ప్రపంచ కప్‌లో మనకు మొదటి జట్టు అనే కుర్చీయే ఖాళీ. ప్రతి భారతీయుడూ పరాయి దేశపు జెండానే పట్టుకోవాలి. కేరళలో కోజికోడ్ దగ్గర పుల్లావూర్ నదిలో 2022లో మెస్సీ, నెయ్‌మార్, రొనాల్డోల కటౌట్లు నిలబెట్టారు, అవి ప్రపంచమంతా చుట్టొచ్చాయి. డెల్టాలో అంత ఉత్సవం లేదు. ఇక్కడి ఫ్లెక్సీలు హీరోల పుట్టినరోజులకే సరిపోవు.

చరిత్రను బట్టి జట్లు పంచుకుంటే డెల్టా కథ ఇంకోలా ఉండేది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చివాళ్ల వ్యాపార కేంద్రాలు నడిచాయి. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లిష్ కంపెనీ బట్టలు కొన్నది, ఆ ఊరి పేరే వంకర తిరిగి మడపోలం అనే గుడ్డ పేరయింది. ఆ లెక్కన పాలకొల్లు వాళ్లు నారింజ రంగు చొక్కాలు వేసుకుని 1974, 1978, 2010 ఫైనల్స్ మూడూ ఓడిన నెదర్లాండ్స్ కోసం కుమిలిపోవాలి. ఎవరూ కుమలరు. నాలుగు వందల ఏళ్ల కిందటి గిడ్డంగి గోడ అభిమానాన్ని పుట్టించలేదు. యానాం సంగతి కొంచెం వేరు. ఫ్రెంచి రోజులు అక్కడ పెద్దవాళ్ల మాటల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. 2018లో జూలై 14 ఫ్రెంచి జాతీయ దినం కాగానే మర్నాడే ఫ్రాన్స్ 4-2తో క్రొయేషియాను ఓడించి కప్పు ఎత్తింది. ఆ మాటలు చెవిన పడుతూ పెరిగినవాడికి అది పూర్తిగా పరాయి గెలుపు కాదు.

గోడల కన్నా జీతాలు బలమైనవి. డెల్టా నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఊరికి పంపేది డబ్బే కాదు, అభిరుచులు కూడా. 2022 నవంబర్ 22న సౌదీ అరేబియా 2-1తో అర్జెంటీనాను ఓడించింది. మెస్సీ పదో నిమిషంలోనే పెనాల్టీ కొట్టాడు, అయినా సెకండ్ హాఫ్ మొదట్లో అల్ షెహ్రీ, అల్ దౌసరీ ఐదు నిమిషాల తేడాలో రెండు గోల్స్ వేశారు. మర్నాడు రాజు దేశమంతటికీ సెలవు ప్రకటించాడు. మన ఊళ్లో అది మధ్యాహ్నం మూడున్నరకు మొదలైన మ్యాచ్. మొదటి జట్టు అర్జెంటీనా అయిన కుర్రాడు, రియాద్‌లో డ్రైవర్‌గా ఉన్న బాబాయికి సెలవు వచ్చిందా అని ఫోన్ చేసే పరిస్థితి. ఇంటి డ్రైవర్‌కు సెలవంటే కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) దయ, అది వేరే కథ. కానీ ఆ ఫోన్ చేసేటప్పుడు అతని నోట్లో "మనవాళ్లు" ఎవరు? అన్నం పెట్టే దేశమా, పన్నెండేళ్ల వయసులో తగులుకున్న నీలం తెలుపు చారలా? ఒక్క మధ్యాహ్నం ఆ రెండూ తారుమారవుతాయి. అలా అయినంత మాత్రాన మొదటిది చెదిరిపోదు. నెల తిరక్కుండా డిసెంబర్ 18న అర్జెంటీనా కప్పు గెలిచినప్పుడు అదే కుర్రాడు "గెలిచాం" అనే అరిచి ఉంటాడు.

చిన్న దేశాల మీద మోజుకు డెల్టాలో ఇంకో కొలత దొరుకుతుంది. 2016లో ఇంగ్లండ్‌ను 2-1తో యూరో నుంచి ఇంటికి పంపిన ఐస్‌లాండ్ జనాభా అప్పట్లో దాదాపు 3.3 లక్షలు. కోనసీమ జిల్లాలో ఐదో వంతు. 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన కురసావో ఇంకా చిన్నది, సుమారు లక్షన్నర మంది. ప్రపంచ కప్‌కు చేరిన దేశాల్లో అంత తక్కువ జనాభా దేనికీ లేదు. 2011 జనాభా లెక్కల్లో భీమవరం పట్టణమే లక్షా నలభై వేలు దాటింది. భీమవరం మున్సిపాలిటీ ప్రపంచ కప్ ఆడటం ఊహించుకుంటే కురసావో అంటే ఏమిటో అర్థమవుతుంది. ఇలాంటి పోలిక ఒకటి మనసులో పడ్డాక ఆ జట్టు ఓడినా గెలిచినా పేరు మరిచిపోలేం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ జాలి, లెక్క, అవసరం, అలవాటు. వీటికి అతీతమైనది ఒకటుంది, అది ఆట అందం. దాన్ని చెప్పడానికి డెల్టాలో జగ్గన్నతోట ప్రభల తీర్థం కన్నా మంచి ఉదాహరణ లేదు. కనుమ నాడు పదకొండు ఊళ్ల ప్రభలు (వెదురుతో కట్టి అలంకరించి, దేవుణ్ని నిలిపి భుజాల మీద మోసే ఎత్తయిన చట్రాలు) అక్కడికి చేరతాయి. ప్రతి ఊరికీ తన ప్రభే గొప్ప. దాన్ని మోసేది ఆ ఊరి భుజాలే, అలంకరించేది ఆ ఊరి చేతులే. కానీ గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికలో దిగేసరికి ఊళ్ల తేడా పోతుంది. అంత ఎత్తు ప్రభను పీకల్లోతు నీళ్లలో ఒరిగిపోకుండా దాటిస్తుంటే గట్టు మీద ఉన్న ముక్కామల వాడూ, వక్కలంక వాడూ ఊపిరి బిగబట్టి చూస్తారు. "అశ్శరభ శరభ" అని వాళ్లూ అరుస్తారు. తమ ప్రభ మీద భక్తి తగ్గి కాదు. కష్టమైన పని ఒకటి కళ్ల ముందు ఒడుపుగా జరుగుతుంటే అది ఎవరిదని అడగబుద్ధి కాదు.

1982 బ్రెజిల్ మీద ఉన్న ప్రేమ అలాంటిది. జీకో, సోక్రటీస్, ఫల్కావో ఆడిన ఆ జట్టు సెమీఫైనల్‌కు కూడా చేరలేదు. జూలై 5న బార్సిలోనాలో ఇటలీ చేతిలో 3-2తో ఓడింది, మూడు గోల్సూ పావ్లో రోసీవే. కప్పు గెలిచిన ఇటలీ కన్నా ఓడిన బ్రెజిల్‌నే జనం ఎక్కువగా తలుచుకుంటారు. 2019 ఛాంపియన్స్ లీగ్‌లో డచ్ జట్టు అయాక్స్ సంగతీ అంతే. కుర్రాళ్ల జట్టు, రియల్ మాడ్రిడ్‌ను దాని ఇంట్లోనే 4-1తో కొట్టింది, జువెంటస్‌ను టూరిన్‌లో ఓడించింది. సెమీఫైనల్‌లో టోటెన్‌హామ్ మీద మూడు గోల్స్ ఆధిక్యంతో ఉండి, ఇంజురీ టైమ్ ఆఖరి క్షణాల్లో లూకాస్ మౌరా మూడో గోల్ కొట్టగానే కుప్పకూలింది. ఆ ఏడాది అయాక్స్ రెండో జట్టు కాని ఇల్లు తక్కువ. వేసవి తిరిగేసరికి డి యాంగ్ బార్సిలోనాకు, డి లిఖ్ట్ జువెంటస్‌కు వెళ్లిపోయారు. రెండో జట్లకు ఈ శాపం ఉంది. చూడముచ్చటగా ఆడే చిన్న జట్టును పెద్ద జట్లు మార్కెట్లో కొనేస్తాయి. చాలాసార్లు ఆ కొనేది మన మొదటి జట్టే. రెండో జట్టు గుండె కోసి తెచ్చి మొదటి జట్టు చొక్కా తొడిగితే, సంతోషించాలో సిగ్గుపడాలో తెలియదు. మామూలుగా సంతోషిస్తాం.

కొన్ని జట్ల మీద ఇష్టం ఆటతో కాక నడవడితో పుడుతుంది. బాస్క్ ప్రాంతపు ఆటగాళ్లతోనే ఆడే బిల్బావ్ జట్టు స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారీ కిందకు పడలేదు. బెర్లిన్‌లో యూనియన్ జట్టు మైదానాన్ని 2008లో అభిమానులే స్వయంగా పలుగు, పార పట్టి బాగు చేసుకున్నారు. శ్రమదానం తెలిసిన ఊళ్లకు ఇవి వెంటనే ఎక్కుతాయి.

డెల్టాలో ఇంకో బలమైన దారి మనిషి వెంట పోవడం. బేనర్ ఏదైనా హీరో మనవాడైతే సినిమా చూసే అలవాటు ఇక్కడ తరాల నాటిది. మెస్సీ 2021లో పారిస్ వెళ్తే పారిస్, 2023లో మయామి వెళ్తే మయామి. బేనర్ మారింది, అంతే. ఈ అలవాటు నేరుగా ఫుట్‌బాల్‌లోకి దిగిన సందర్భం కూడా ఒకటుంది. మొగల్తూరులో పుట్టిన చిరంజీవి 2016లో నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్‌లతో కలిసి, సచిన్ టెండూల్కర్ పక్కన కేరళ బ్లాస్టర్స్ యజమానుల్లో చేరారు. అప్పటికి ఇండియన్ సూపర్ లీగ్‌లో తెలుగు నేలకు జట్టే లేదు. నరసాపురం కుర్రాడికి కొచ్చి జట్టు దగ్గరవడానికి ఇంతకన్నా ఏం కావాలి? మలయాళం ఒక్క ముక్క రాకపోయినా పసుపు చొక్కా వచ్చేసింది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మూతపడిన పుణె జట్టు స్థానంలో పుట్టిన క్లబ్ అది. డెల్టాకు హైదరాబాద్ సొంతమా అంటే, పటం మీద 2014 తర్వాత వేరే రాష్ట్రం, ఇంట్లో మాత్రం కూకట్‌పల్లిలో కొడుకో కూతురో ఉన్న ఊరు. పైగా ఆ నగరానికి ఫుట్‌బాల్‌లో పాత పరపతి చాలా ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. కాబట్టి కొత్త క్లబ్ రాగానే మొదటి జట్టు కుర్చీ దానిదయింది, కేరళ రెండోదిగా జరిగి కూర్చుంది.

గౌతమి, వశిష్ఠల లెక్క తప్పే రోజు 2022 మార్చి 20న వచ్చింది. గోవాలోని ఫతోర్డాలో ఫైనల్, హైదరాబాద్, కేరళ ఎదురెదురుగా. రెండు జట్లదీ పసుపు రంగే. రంగు హైదరాబాద్‌కు దక్కింది, కేరళ నలుపు వేసుకుని దిగింది. పాత పసుపు చొక్కా వేసుకుని కూర్చున్న డెల్టా అభిమాని తెలియకుండానే అవతలి వైపు రంగులో ఉన్నాడన్నమాట. 68వ నిమిషంలో రాహుల్ కేరళకు గోల్ కొట్టాడు, 88లో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఇలాంటి రాత్రి ఏ జట్టు మొదటిదో, ఏది రెండోదో నోరు తేల్చదు, ఒళ్లు తేలుస్తుంది. రాహుల్ గోల్ పడ్డప్పుడు లేచి నిలబడ్డాడా, తవోరా గోల్‌కు లేచాడా అన్నదే సాక్ష్యం. రెండింటికీ లేచినవాడికి ఫుట్‌బాల్ ఇష్టం, జట్టు ఇష్టం లేదు. అదీ తప్పేం కాదు.

ఆ కప్పు తర్వాత హైదరాబాద్ క్లబ్ డబ్బు ఇబ్బందుల్లో పడింది, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు చూడటానికి జనం పోటెత్తారు, అప్పటికి ఆ నగరానికి సూపర్ లీగ్‌లో జట్టు లేదు. లండన్‌లో వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామన్నప్పుడు 2002లో అభిమానులు వేరే క్లబ్ పెట్టుకున్నారు, ఊరి మైదానంలో ఆటగాళ్లకు సెలక్షన్స్ పెట్టి బాగా కింది స్థాయి లీగ్ నుంచి మొదలెట్టి 2011కల్లా ప్రొఫెషనల్ లీగ్‌కు చేరారు. వాళ్లకు మైదానం దగ్గర్లోనే ఉంది. నరసాపురం కుర్రాడికి హైదరాబాద్ రాత్రంతా రైలు ప్రయాణం, ఫతోర్డా ఇంకా దూరం. జట్టుతో అతనికున్న బంధమంతా ఫోన్ తెరలోనే నడిచింది, జట్టు పోయిందన్న కబురూ అక్కడే వచ్చింది. ఢిల్లీ వెంట పోవడానికి మనసొప్పదు. బీరువాలో పసుపు చొక్కా ఇంకా ఉంది. బ్యాడ్జీ దగ్గరికి వెళ్లి చదివితే తప్ప అది కేరళదో హైదరాబాద్‌దో తెలియదు. వచ్చే సీజన్ కేరళ మ్యాచ్ రోజున అది బయటికి వస్తే, గోల్ పడ్డప్పుడు అతను "గెలుస్తున్నాం" అంటాడా, "మనవాళ్లు గెలుస్తున్నారు" అంటాడా అన్నది పక్కన కూర్చున్నవాళ్లు విని చెప్పాలి.